రాక్ పత్రికకు మచ్చలు పెట్టిన శనివారం

2016 జూలై 16, శనివారం. పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఉక్కపోత. ప్రెస్సులో హాజరు: సేటు, ప్లేట్ మేకర్, మెషిన్‌మ్యాన్, నేను. బయటివాళ్లలో రాక్ పత్రిక ఎడిటరమ్మ ఒక్కతే. కరెంటు ఉంది.

ఆ రోజు నా డైరీ ఇట్లా మొదలవుతుంది. కరెంటు సంగతి రాసుకోవడం ప్రెస్సులో పనిచేసినవాళ్ల పాత అలవాటు. తెలంగాణ వచ్చాక కోతలు తగ్గాయి గానీ రాయడం నేను మానలేదు. ఈ మధ్య కూడా రాస్తున్నాను. ఇప్పుడు కరెంటుతో నాకు ఫ్యాను తప్ప వేరే పని లేదు.

భువనగిరిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పేజీలు కట్టడం నా ఉద్యోగం. సీసపు అక్షరాలను ఏరి పేర్చే రోజుల్లో చేరాను, కంప్యూటర్ ముందు కూర్చుని దిగిపోయాను. మధ్యలో నా చేతి మీదుగా పోయినవాటిలో పెండ్లి కార్డులే ఎక్కువ. మీలో ఎవరైనా ఇప్పుడు పేజీలు కట్టే పనిలో ఉంటే, మీకు నాకంటే మంచి మిషన్లు ఉన్నాయి, నాకంటే ఎక్కువ రంగులు ఉన్నాయి. అయినా ఈ ముచ్చట వినండి. ఇందులో నేను నేర్పేది తక్కువ, నేను నేర్చుకున్నది ఎక్కువ.

మా పనిలో ఒక సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కాగితం చదవకముందే మాట్లాడుతుంది. ఒక పెండ్లి కార్డును, ఒక పెద్దకర్మ కార్డును బల్ల మీద పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి దూరంగా నిలబడండి. ఒక్క అక్షరం కనబడదు. అయినా ఏది మంచికి పిలుస్తుందో ఏది చెడుకు పిలుస్తుందో తెలిసిపోతుంది. చర్చిలో జరిగే పెండ్లి కార్డు ఇంకో తీరు. దానిలో తెల్ల జాగా ఎక్కువ, అక్షరాలు సన్నగా వంగి ఉంటాయి, మూలకు రెండు పావురాలు. ఎన్నికల కరపత్రంలో మాత్రం వేలెడు ఖాళీ వదిలినా అభ్యర్థికి గుండె ఆగుతుంది, నింపాల్సిందే. ఈ విద్య అంతా నాకు వచ్చేసిందని అనుకుంటూ రిటైర్మెంటు దగ్గరికి వచ్చాను. అప్పుడు వచ్చింది ఆ పిల్ల.

షాద్‌నగర్‌లో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం ఆమెకు, డబ్బాల మీద లేబుళ్లు డిజైన్ చేస్తుంది. ఇంట్లో గొర్ల మంద ఉంది. తల్లిగారి ఊరు మా భువనగిరి పక్కనే. వాళ్ల అక్క పెండ్లి కార్డు మా దగ్గరే అచ్చయింది.

“మా అక్క కార్డు మీద నెమలి మీరే పెట్టిండ్రు కద సార్,” అంది కుర్చీలో కూర్చుంటూనే.

పొగిడిందనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

“రాక్ పత్రిక ఏస్తున్న సార్. తెలుగుల.”

సేటు కౌంటరు నుంచే అడిగాడు. “అంటే గిటారోళ్లదా?”

“గిటారోళ్లదే సేటు.”

“మన దిక్కు ఎంతమంది ఉన్నరమ్మా గిటారోళ్లు?”

“నాలుగు బ్యాండ్లు.”

“వాళ్ల గురించి వాళ్లే చదువుకుంటరా మరి?”

“వాళ్ల మీద కోపమున్నోళ్లు గూడ చదువుతరు సేటు. వాళ్లు చానమంది ఉన్నరు.”

ఆ జవాబుకు సేటు పని ఒప్పుకున్నాడు.

నాలుగు బ్యాండ్లూ మన జిల్లాల పిల్లలవే. ఒకటి భువనగిరిది, ఒకటి నల్లగొండది, ఒకటి షాద్‌నగర్‌ది, ఒకటి అచ్చంపేటది. అంతకు ముందు పట్నంలో ఎవరో ఒక పత్రిక వేసి ఈ నలుగురినీ ఒకే మూసలో పోశారట. పైన నవ్వుతున్న ఫోటో, కింద మూడు నిలువు వరుసల్లో ముచ్చట, చివర గులాబీ రంగు డబ్బాలో ఇష్టమైన తిండి. నాలుగు పేజీల మీద పేర్లు మూసేస్తే ఏది ఎవరిదో వాళ్ల అమ్మలు కూడా చెప్పలేరు. ఇక ఏ పత్రికతోనూ మాట్లాడేది లేదని నలుగురూ ఒట్టు పెట్టుకున్నారు. ఈ పిల్ల బస్సులు మారి మారి ఊరూరికీ తిరిగి వాళ్లను ఒప్పించింది. వాళ్లకు ఇచ్చింది ఒకటే మాట. మీ పాట ఎట్లుంటదో మీ పేజీ అట్లుంటది, వినకుండ చూసినోనికి గూడ తెలుస్తది అని. ఆ మాట నిలబడకపోతే మొదటి సంచికే చివరి సంచిక. ఆదివారం పొద్దున భువనగిరిలో ఒక ఫంక్షన్ హాలులో నలుగురూ కలిసి వాయిస్తారు, అక్కడే పత్రిక విడుదల. రాత్రికి ఆ హాలులో ఎవరిదో రిసెప్షన్ ఉంది కాబట్టి పొద్దున దొరికింది.

భువనగిరి బ్యాండు వాయించేది మెటల్ అంది. నేను సరేనని పేజీ కట్టాను. చుట్టూ తీగల బార్డరు పెట్టి, పేరును పెద్దగా మధ్యలో ఉంచాను. ఆమె తెర మీదికి వంగి చాలాసేపు చూసింది.

“సార్, వీళ్లకు పెండ్లి చేస్తున్నమా?”

“బార్డరు లేని పేజీ అంగి లేని మనిషి లెక్క ఉంటదమ్మా.”

“వీళ్లు వాయించేటప్పుడు అంగి ఇప్పుతరు సార్.”

బార్డరు తీసేశాను. ఆమె తన ఫోను తీగలు నా చెవులకు తగిలించింది. రేకుల షెడ్డు మీద వడగండ్లు పడుతుంటే షెడ్డు కింద ఎవరో పెద్దపులిని కట్టేసినట్టుంది. పాట అయిపోయాక నాకు తెలిసిన ప్రశ్న అడిగాను. పేజీ కట్టేవాడు ఎవరినైనా అడగాల్సిన ప్రశ్న అదే. “ఇది ఎక్కడ ఊపిరి తీసుకుంటదమ్మా?”

“తీసుకోదు సార్.”

అట్లయితే తెల్ల జాగా వద్దు. పేజీ మొత్తం నల్లగా నింపి అక్షరాలను తెల్లగా వదిలాం. కానీ మన అక్షరాలతో ఒక చిక్కు ఉంది. గుండ్రంగా, అన్నం ముద్దల్లా ఉంటాయి. ఎంత లావు చేసినా కోపం రాదు వాటికి. ఇంగ్లీషు మెటల్ పత్రికల్లో పేర్లు ఎండు కొమ్మల్లా, ఈటెల్లా ఉంటాయని ఆమె చూపించింది, చదవడానికి నాకు ఒక్కటీ రాలేదు. చదవరాకుంటే ఎట్లా అని అడిగితే, “చదవాలన్న పట్టుదల ఉన్నోడే వాళ్ల మనిషి సార్, మిగిలినోళ్లను గేటు కాడనే ఆపేటందుకే గట్ల రాస్తరు,” అంది. చివరికి ఆమే దారి కనిపెట్టింది. అక్షరాల పొట్టలను ముట్టుకోకుండా తలకట్లను పట్టుకుంది. ఒక్కొక్క తలకట్టును సర్కారు తుమ్మ ముల్లులా బారుగా, వాడిగా లాగింది. ఆ పేరు మీద చెయ్యి పెడితే గుచ్చుకుంటుందేమో అన్నట్టు తయారైంది. మెషిన్‌మ్యాన్ దాన్ని చూసి, “నల్లసిరా అంత ఈ ఒక్క పేజీయే తాగుతది, మిగిలిన ఊరోళ్లు ఉపాసముంటరు,” అన్నాడు.

అచ్చంపేట బ్యాండుది పొడుగు పాటల సంగీతం. ఒక పాట మొదలయ్యాక నేను చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చినా అది ఇంకా పల్లవి దగ్గరే ఉంది. వాళ్ల ముచ్చటను ఉపశీర్షికలు లేకుండా, మధ్యలో ఆపకుండా నాలుగు పేజీలు పారించాం. అడవి ఫోటో ఒక పేజీలో మొదలై, పేజీ తిప్పితే అవతల కూడా సాగుతుంది. ఎక్కడ ఆపాలమ్మా అని అడిగినప్పుడల్లా ఆపొద్దు సార్ అనేది. నల్లగొండవాళ్లు డప్పును గిటారుతో కలిపి వాయిస్తారు. వాళ్ల పాట వింటుంటే నాకు నాటకాల పోస్టర్లు గుర్తుకొచ్చాయి. మా అటక మీద పాత చెక్క అక్షరాల బస్తా ఒకటి ఉంది. వాటిని దించి, సిరా రాసి, కాగితం మీద చేత్తో అద్ది స్కాన్ చేశాం. చెక్క చారలతో సహా పడ్డాయి. “గిదే సార్, గిదే,” అని ఆ పిల్ల బల్ల మీద డప్పు కొట్టింది.

నాలుగోది షాద్‌నగర్‌ది, పంక్ బ్యాండు. అసలు కథ దీనితోనే.

వాళ్ల పాటలు చిన్నవి. ఎవరో తలుపు తెరిచి తిట్టేసి ధడేల్‌మని వేసుకుపోయినట్టు అయిపోతాయి. పాడే పిల్లవాడు కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. డిగ్రీ చదివి, షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తున్నాడు. ఆ సంచికలో రాయాల్సిన పాట కిరాయి ఇంటి గురించి. ఇంటి ఓనరు గది చూపిస్తాడు, నల్లా చూపిస్తాడు, చివర మీరేమిట్లని, అంటే ఏ కులమని, అడుగుతాడు, చెప్పగానే గది ఖాళీ లేదంటాడు. పట్నం పత్రిక వాళ్లు ఈ పాట ముచ్చట కింద కూడా గులాబీ డబ్బాలో తిండి సంగతి వేశారు. అందుకే ఆ పిల్లవాడు ఎడిటరమ్మకు గట్టిగా చెప్పాడట. “మమ్ముల సాపు చేసి పెడితే నేను స్టేజీ ఎక్క. నేను ఎక్కకుంటే మిగిలినోళ్లు గూడ ఎక్కరు.”

ఆ పేజీలు ఆమె కంప్యూటర్ మీద కట్టలేదు. పాత పేపర్లలోంచి అక్షరాలు కత్తిరించి వంకరటింకరగా అతికించింది. దాన్ని జిరాక్సు తీయించి, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు, దానికి మళ్లీ. ప్రతిసారీ పేజీ మీద ఇంకా కొంత మురికి చేరుతుంది, నల్లచుక్కలు, గీతలు, కాగితం ముక్కల అంచుల నీడలు. జిరాక్సు షాపాయన సిగ్గుపడి మిషన్ అద్దం తుడవబోయాడట. “నీకు దండం పెడ్త అన్నా, తుడవకు,” అని చెయ్యి పట్టుకుందట. చివరకు వచ్చిన పేజీ కిరాయి గది గోడలాగే ఉంది, ఖాళీ చేసి పోయినవాళ్ల మేకుల బొక్కలతో, చెమ్మ మచ్చలతో. ఆ పేజీని మేము శుక్రవారం సాయంత్రం మిగతావాటితో కలిపి ప్లేట్ మేకర్ బల్ల మీద పెట్టి ఇండ్లకు పోయాం.

ఇక్కడ మా ప్లేట్ మేకర్ గురించి చెప్పాలి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ అంటే పలుచని అల్యూమినియం రేకు. పేజీ బొమ్మ దాని మీదికి దిగుతుంది. బొమ్మ ఉన్న చోట సిరా పట్టుకుంటుంది, లేని చోట పట్టుకోదు. అయితే బొమ్మతో పాటు దుమ్ము, వెంట్రుక, ఈగ రెక్క అన్నీ దిగుతాయి. సన్నని కుంచెను మందులో ముంచి ఆ చుక్కలను ఒక్కొక్కటిగా తుడిచెయ్యడం ఆయన పని. మన దిక్కు పెండ్లికూతురు పేరు మీద ఆవగింజంత మచ్చ పడినా ముసలవ్వలు కార్డు పక్కకు పెట్టి మూతి తిప్పుతారు, మంచిది కాదంటారు. కట్టలు కట్టలు వాపసు వచ్చిన రోజులున్నాయి. ఆయన వచ్చాక ఒక్క కార్డు వాపసు రాలేదు. చుట్టుపక్కల ఊర్లవాళ్లు మా ప్రెస్సుకు రావడానికి అది ఒక కారణం. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. పేజీలు తయారైన ఆ వారమంతా విత్తనాల పనికి ఊరికి పోయాడు. శనివారం అందరికంటే ముందు వచ్చి, లేనన్ని రోజుల పనికి బదులుగా కాస్త ఎక్కువే చేద్దామని కూర్చున్నాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం మొదటి షీట్లు మెషిన్‌లోంచి వచ్చాయి. మెషిన్‌మ్యాన్ ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. ఎడిటరమ్మ వంగి చూసింది. వెనక్కి జరిగి కాగితం బండిల్ మీద కూర్చుంది.

పంక్ పేజీ కడిగిన పళ్లెంలా ఉంది. చుక్కలు లేవు, గీతలు లేవు. కత్తిరించిన ముక్కల అంచులు కూడా పోవడంతో అక్షరాలు ఎవరో సరదాకు ఒయ్యారంగా పేర్చినట్టున్నాయి. చిన్నపిల్లల బడి వార్షికోత్సవానికి పిలుస్తున్నట్టుంది.

ప్లేట్ మేకర్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“చూసినవా అన్నా? ఎంత మురికుండెనో దాని మీద. పొద్దటి సంది తుడుస్తనే ఉన్న. సూదిమొనంత చుక్క ఉంటే చూపియ్.”

“పెద్దనాయినా,” అంది ఆ పిల్ల. “అవి మచ్చలు కావు.”

“మచ్చలు కాకుంటే ఏంది బిడ్డా?”

“పెట్టినయి.”

“ఎవలు పెట్టిండ్రు?”

“నేనే.”

ఆయన నా వైపు తిరిగాడు. “ఈ పిల్లకు పానం బాగుందా అన్నా?”

నేను సంగతి చెప్పాను. పాట గురించి, పట్నం పత్రిక గురించి, రేపు పొద్దున స్టేజీ ఎక్కనంటున్న పిల్లవాడి గురించి. వింటున్నకొద్దీ ఆయన ముఖం చిన్నబోయింది. సేటు వచ్చి షీటు ఎత్తి చూసి, “చదవొస్తాంది గద. ఇంకేం గావాలె? నడిపియ్యిండ్రి,” అన్నాడు.

“చదవొస్తది సేటు,” అంది ఆమె. “వాళ్లు చదవరు. చూసి పడేసి పోతరు. ఇగ నేను ఏ మొకం పెట్టుకొని పోయి ఇంకో ముచ్చట అడగాలె?”

కొత్త ప్లేట్ చేద్దామంటే ఆ సైజు రేకులు అయిపోయాయి. పట్నంలో అమ్మే ఆయనకు ఫోను చేస్తే ఇంట్లో శుభకార్యమట, షాపు సోమవారం దాకా బంద్. మెషిన్‌మ్యాన్ తనకు తోచిన ఉపాయం చెప్పాడు. “నేను చెయ్యి సిరాల ముంచి షీటుకొకసారి జాడించాల్నా?” ఎవరూ నవ్వలేదు, పాపం ఆయన నవ్వించడానికే అన్నాడు.

ప్లేట్ మేకర్ గొణుక్కుంటూ తన బల్ల వైపు పోతున్నాడు. “నా అంత నేను ఖరాబు చేసినట్టయింది. ఇగ గీరితె తప్ప రేకు మీద మచ్చ యాడికెల్లి వస్తది.”

ఆమె లేచి నిలబడింది. “గీరితె వస్తదా పెద్దనాయినా?”

ఆయన ఆగాడు.

“రేకు మీద గీత పడితే గా గీతల సిరా పడతదా?”

“పడతది,” అన్నాడు ఆయన అయిష్టంగా. “పడొద్దనే కద, గోర్లు గూడ తీసుకొని పనికి కూసుంట.”

నిజమే. రేకు మీద సూది గీత పడ్డా అందులో సిరా నిలిచి కాగితం మీదికి ఎక్కుతుంది. ఒకసారి గీరింది మళ్లీ పోదు. పంక్ పేజీల పక్కన అదే రేకు మీద అచ్చంపేటవాళ్ల మొదటి పేజీ, విషయసూచిక కూడా ఉన్నాయి. చెయ్యి జారితే అవి కూడా పోతాయి. సేటుకు ఈ లెక్క మాకంటే ముందే అర్థమైంది. “నేను చాయ్ తాగనీకె పోతున్న. నేనేం జూడలే,” అని చెప్పులేసుకున్నాడు.

మెషిన్‌మ్యాన్ రేకును ఊడదీసి బల్ల మీద పరిచాడు. పక్క పేజీల మీద అట్ట ముక్కలు కప్పి టేపు వేశాను. సూది ఎడిటరమ్మ చేతిలో ఉంది. ఒక గీత గీసింది. వెంట్రుకంత గీత పడింది. ఇంకోటి గీసింది. అది కూడా అట్లాగే. పచ్చి గోడ మీద పేరు రాసుకునే పిల్లలా బెదురుతోంది.

“గట్ల కాదు బిడ్డా,” అన్నాడు ప్లేట్ మేకర్. చూడలేక వెనక్కి తిరిగి ఉన్నవాడు, చప్పుడును బట్టి చెప్పాడు. “ఇటియ్. జర గా పాట పెట్టు ముందు.”

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. పాట మొదలై అయిపోయింది. ఆయన మళ్లీ పెట్టమన్నాడు.

“గీ పిలగాడు ఎవలి మీద మొత్తుకుంటున్నడు?”

“కిరాయికి ఇల్లియ్యనోని మీద.”

“ఏమిట్లని అడిగిండా?”

“అడిగిండు.”

ఆయన సూదిని పక్కకు పెట్టాడు. గరుకు కాగితం ముక్క తీసుకున్నాడు, దానికి తోడు ఒక మేకు. “నేను భువనగిరికి వచ్చిన కొత్తల కిరాయికి జాగా దొరికేవరకు ప్రెస్సులనే పండుకున్న. అన్నకు ఎరుకే,” అన్నాడు. నాకు తెలుసు. ఎందుకని అప్పట్లో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు కూడా అంతకు మించి చెప్పలేదు. ఫోను వైపు గడ్డం ఎత్తి, “ఆపకు, నడవనియ్,” అన్నాడు.

ఆయన గీరడం నేను చూశాను. మొదట మెల్లగా, ఒక మూలన, తప్పు పని చేస్తున్నట్టు. తర్వాత భుజం కదిలింది. గరుకు కాగితాన్ని పేజీ అడుగున అడ్డంగా రుద్దాడు. పాటలో ఓనరు గది లేదనే చోట మేకుతో పైనుంచి కిందికి ఒక్క గీత లాగాడు, శీర్షిక మధ్యలోంచి. రేకు కీచుమంది. మెషిన్‌మ్యాన్ చెవులు మూసుకున్నాడు. ఎడిటరమ్మ మాత్రం కదలకుండా చూస్తోంది.

“సాలా?” అని అడిగాడు.

“ఇంకొంచెం పెద్దనాయినా. గీ కుడిదిక్కు.”

“గీడనా?”

“జర పైకి.”

ఇద్దరూ ఇంటికి సున్నం వేయిస్తున్నవాళ్లలా మాట్లాడుకున్నారు. పని అయ్యాక రేకు మీద గుడ్డతో జిగురు నీళ్లు రాసి మళ్లీ మెషిన్‌కు ఎక్కించారు.

షీటు వచ్చింది. అందరం వంగాం. ఆమె ముందు కట్టిన పేజీలోని మురికి జిరాక్సు మిషన్ వేసింది, ఎక్కడ పడితే అక్కడ పడింది. ఇది అట్లా లేదు. ప్రతి గీతలో ఒక చెయ్యి కనబడుతోంది. గోడను ఎవరో లోపలి నుంచి గోకినట్టుంది. నాకు నచ్చింది, కానీ నచ్చాల్సింది నాకు కాదు. ఆమె చాలాసేపు చూసి, “నేననుకున్నట్టు లేదు సార్,” అంది. తర్వాత, “వాళ్లు ఏమంటరో తెల్వది. నడిపియ్యిండ్రి,” అంది. సేటు చాయ్ తాగి వచ్చి షీటు చూసి, ఈసారి చదవొస్తుందో లేదో అనలేదు. పొద్దుగూకేలోపు మడతలు, పిన్నులు అన్నీ అయిపోయాయి.

పేజీలు కట్టే పిల్లలకు ఒక మాట. నాలుగు రకాల సంగీతానికి నాలుగు రకాల పేజీలు కట్టిన ఆ వారంలో నాకు తెలిసింది ఏమిటంటే, శుభ్రంగా ఉండటం కూడా ఒక రకమే. అది అన్నిటికీ తల్లి కాదు. పెండ్లి కార్డుకు అది భాష, పంక్ పేజీకి అది అబద్ధం. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ఉద్యోగమంతా పట్టింది, నవ్వుకుంటే నవ్వుకోండి.

మర్నాడు ఆదివారం పొద్దున ఫంక్షన్ హాలుకు పోయాను. ప్లేట్ మేకర్ ఇస్త్రీ అంగి వేసుకుని నాకంటే ముందే వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. స్టేజీ మీద రాత్రి రిసెప్షన్ కోసం ఎర్ర ముఖమల్ సింహాసనాలు రెండు, కాగితం పూల తోరణం. మెటల్ పిల్లలు ఒక సింహాసనం మీద గిటారు డబ్బా పెట్టి, రెండోదాని మీద వంతులవారీగా కూర్చుని ఫోటోలు దిగుతున్నారు. తమ నల్ల పేజీ చూసి, చదవలేక చదవలేక తమ పేరు తామే చదువుకుని ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. అచ్చంపేటవాళ్లు పేజీ తిప్పుతూనే ఉన్నారు. నల్లగొండవాళ్లు చెక్క అక్షరాల మీద గోళ్లతో తాళం వేస్తున్నారు.

షాద్‌నగర్ పిల్లవాడు గోడకు ఆనుకుని నిలబడి తన పేజీలు తెరిచాడు. చూశాడు. పత్రికను దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ చూశాడు. తర్వాత పిన్నుల దగ్గర పట్టుకుని ఆ రెండు పేజీలూ చర్రున చింపాడు.

ఎడిటరమ్మ చేతిలో ఉన్న పత్రికల కట్ట కింద పెట్టేసింది. ప్లేట్ మేకర్ లేచాడు. “పోదాం పా అన్నా,” అన్నాడు మెల్లగా. “నేనే ఎక్కువ చేసిన.”

ఆ పిల్లవాడు స్టేజీ ఎక్కి, తోరణం కడుతున్నవాళ్లను అడిగి టేపు తీసుకున్నాడు. పెద్ద డ్రమ్ము ముందు మోకాళ్ల మీద కూర్చుని, చింపిన పేజీలను తోలు మీద అతికించాడు, హాలులో వెనక ఉన్నవాళ్లకు కూడా కనబడేటట్టు. లేచి, వెనక్కి జరిగి చూసుకుని, “ఎవలు గీరిండ్రు?” అని అడిగాడు.

ఎడిటరమ్మ మా వరుస వైపు చెయ్యి చూపింది. పిల్లవాడు దిగి వచ్చాడు.

“మీరేనా పెద్దనాయినా?”

“నేనే. శాన గీరిన్నా?”

“లేదు,” అన్నాడు వాడు. “ఇంక జరంత గీరాల్సుండె.”

ప్లేట్ మేకర్ మళ్లీ కూర్చున్నాడు. పంక్ పిల్లలే మొదట వాయించారు. డ్రమ్ము మీద పడిన ప్రతి దెబ్బకు పేజీ వణికింది. కిరాయి ఇంటి పాట సగానికి వచ్చేసరికి ఒక మూల టేపు ఊడి కాగితం వేలాడింది. పాడేవాడు చూడలేదు, వాయించేవాడు చూడలేదు. ప్లేట్ మేకర్ చూశాడు. వరుసలోంచి బయటికి వచ్చి, పాట నడుస్తుండగానే స్టేజీ ఎక్కి, వంగి, ఆ మూలను బొటనవేలుతో రెండుసార్లు గట్టిగా ఒత్తి అతికించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.